నలభై దాటిన ఒంటికి పురుడెవరు పోస్తారు?

మార్చి మొదటివారంలో ఒక స్కూలు టీచరమ్మ మా జిరాక్స్ షాపుకొచ్చి, ఫోన్లో ఉన్న చార్టొకటి కలర్ ప్రింటు తియ్యమంది. మహిళా దినోత్సవానికి స్టాఫ్ రూములో అంటిస్తారట. ఏ వయసులో మనల్ని మనం ఎలా చూసుకోవాలో అందులో గళ్ళు గళ్ళుగా వేసి ఉంది. ఇరవైల్లో నిద్ర, చర్మం. ముప్ఫైల్లో మొహమాటం లేకుండా కాదనడం. నలభైల్లో ఏటా పరీక్షలు. యాభైల్లో ఎముకలు. అరవై దాటాక పాత సరదాలు. అడుగున కళ్ళు మూసుకుని కూర్చున్న ఒక సన్నటి అమ్మాయి బొమ్మ. నాకూ ఒక కాపీ తీసుకుని కౌంటరు అద్దం కింద పెట్టుకున్నాను.

అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా రోజూ చూసేకొద్దీ నాకు చిరాకు పెరిగింది. ఏ గడి చూసినా చెయ్యాల్సింది ఎవరికి వాళ్ళే. నిద్రపోవాల్సింది నువ్వే, కాదనాల్సింది నువ్వే, పరీక్ష గుర్తుపెట్టుకుని వెళ్ళాల్సిందీ నువ్వే. అత్తగారు, మొగుడు, పిల్లలు, పొద్దున్నే వచ్చి పోయే కుళాయి నీళ్ళు, ఇవేవీ ఆ చార్టులో లేవు. ఆ బొమ్మలో అమ్మాయికి వంటిల్లు ఉన్నట్టే లేదు.

నా వాదన ముందే చెప్పేస్తాను. మా ఊళ్ళో, మా లాంటి ఇళ్ళలో, సొంత పట్టుదల మీద వదిలేసిన ఆరోగ్యం ఎప్పుడూ నిలబడలేదు. ఇల్లు మొత్తం పూనుకుని, అడక్కుండానే జరిపించే ఆచారాలు మాత్రం నిలబడ్డాయి. అలాంటివి మనకి లేకపోలేదు, కాకపోతే అన్నీ రెండు మూడు వయసుల దగ్గరే గుమిగూడి ఉన్నాయి. మిగతా వయసులకి చార్టులు కాదు, కొత్త ఆచారాలు కావాలి. ఆ మాట అనగానే ముఖం చిట్లించేవాళ్ళు ఉంటారని తెలుసు. మా ఇంట్లోనే ఉంది ఒకత్తె. ఆమె దగ్గరికి తర్వాత వస్తాను.

మిషను మీద కనబడే వయసులు

ఆంధ్రా సరిహద్దునున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో జిరాక్స్ షాపు పెట్టుకుంటే సగం గిరాకీ కాలేజీ నోట్సు, సగం సర్కారు కాగితాలు. ఆ రెండో సగంలో ఆస్పత్రి కాగితాలే ఎక్కువ. చదవకూడదు. కానీ అద్దం మీద తిన్నగా పెట్టాలంటే చూడక తప్పదు. చూసీ చూసీ ఒక సంగతి పట్టుబడింది.

గర్భిణుల కాగితాలు దండిగా వస్తాయి. గర్భిణులకి డబ్బిచ్చే ఒడిశా సర్కారు మమతా పథకం 2011 నుంచీ ఉంది కాబట్టి తల్లీబిడ్డల కార్డు, బ్యాంకు పుస్తకం, ఆధార్ మూడూ కలిపి పట్టుకొస్తారు. ఆ కార్డు చూడాలి మీరు. బరువు, బీపీ, రక్తం, ఐరన్ మాత్రలు, సూదులు, ఎన్ని గళ్ళున్నాయో అన్నీ నర్సమ్మ చేతిరాతతో నిండి ఉంటాయి. అదే మనిషి కాగితం మళ్ళీ నా మిషనెక్కేది పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో. అప్పటికది బరంపురం మెడికల్ కాలేజీకో విశాఖకో రాసిచ్చిన రిఫరల్ చీటీ అయి ఉంటుంది. మధ్యలో ఆ ఒంటికి కాగితం ముక్క ఉండదు. మగవాళ్ళకైతే మొదటి కార్డు కూడా లేదు. వాళ్ళ మొట్టమొదటి కాగితమే గుండెదో, కిడ్నీదో.

సర్కారు పట్టించుకోవడం లేదని అనలేం. 30 దాటిన ప్రతివాళ్ళకీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్ష, ఆడవాళ్ళకి వాటితోపాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఊరికే చేస్తారు. దానికోసం ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి ఫారం నింపుతుంది. వయసెంత, పొగాకు ఉందా, నడుము చుట్టుకొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా బీపీ షుగర్ ఉందా అని అడిగి మార్కులు వేస్తుంది. నాలుగు దాటితే పరీక్షకి ముందు వాళ్ళని పిలవాలి. మా పక్కింటి పిన్నికి ఫారం నింపుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. "వారానికి రెండున్నర గంటలు వ్యాయామం చేస్తారా పిన్నీ?" అని ఆ పిల్ల అడిగితే పిన్ని పడీ పడీ నవ్వింది. "బిందెలు మోసింది లెక్కేసుకోవే గుంటా, ఎన్ని గంటలొస్తే అన్ని రాసుకో" అంది. మార్కులు నాలుగు దాటాయి. "సోమవారం రండి" అంటే "అలాగేలే" అంది. వెళ్ళలేదు.

ఇదే పిన్ని, కూతురు కడుపుతో ఉన్నప్పుడు ఏడు గంటలకల్లా ఆటో మాట్లాడి, ఫ్లాస్కులో పాలు పోసుకుని, చెకప్ ఉన్న ప్రతిసారీ ముందు వరసలో కూర్చుంది. బద్ధకస్తురాలూ కాదు, ఆస్పత్రంటే భయమూ లేదు. కూతురి చెకప్ ఇంటి పని. తన పరీక్ష ఎవరి పనీ కాదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశా ఆడవాళ్ళలో రక్తహీనత 64.3 శాతం తేలింది. నూటికి అరవై నలుగురు! ఆ లెక్క తీసింది 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళకి. యాభయ్యో పుట్టినరోజు మర్నాడు రక్తం దానంతటదే చిక్కబడుతుందని కాబోలు.

చిమ్మిలి, కాయం

మన ఆచారాలు ఎంత గట్టివో గుర్తు చేసుకోండి. పిల్ల సమర్తాడితే ఎవరూ చార్టు చూడరు. నువ్వులు, బెల్లం రోట్లో పడతాయి. మేనత్తలు చిమ్మిలి చేసి తెస్తారు, మేనమామ చీర తెస్తాడు. పిల్ల వద్దన్నా నోట్లో కుక్కుతారు. రక్తం పోయే వయసు మొదలైందని, ఒంటికి సత్తువ కావాలని ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. రోలే చెప్పేస్తుంది.

పురుడు సంగతి ఇంకా గట్టిది. మా అప్ప రెండో కాన్పుకి అమ్మ చేసిన చాకిరీ నాకు కళ్ళకి కట్టినట్టుంది. శొంఠి, పిప్పళ్ళు, వాము దోరగా వేయించి దంచి, పాతబెల్లం పాకంలో కలిపి కాయం చేసేది. పొద్దున్నే ఉసిరికాయంత ముద్ద అప్ప నోట్లో తనే పెట్టేది. మరిగిన నీళ్ళు చెంబుతో నడుం మీద కొట్టి కొట్టి పోసేది. నులకమంచం కింద కుంపటి, దాని మీద సాంబ్రాణి. దుప్పటి కప్పుకుని అప్ప ఆ పొగలో పడుకుని ఉంటే అమ్మ చుట్టూ తిరిగి అంచులు దోపేది. ఆ తర్వాత పాత నేతచీర నాలుగు మడతలేసి పొట్ట చుట్టూ తిప్పి, తన మోకాలు ఆనించి బిగించేది. "ఊపిరాడట్లేదే" అని అప్ప గోల. చెవుల్లో దూది ఉందికదా, తన గోల తనకే వినపడేది కాదు.

అప్ప ఇవేవీ అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు. నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది. ఏం కావాలో తెలుసుకుని, నోరు విప్పి అడిగి, ఇచ్చేదాకా పోట్లాడి తెచ్చుకోవాలంటే ఒంట్లో అంత ఓపిక ఉండాలి. ఓపిక లేనప్పుడే కదా ఎవరైనా చూసుకోవాల్సింది.

ఇందులో పాడు లేదనను. బాలింతకి దాహమేస్తే నీళ్ళు తాగనిచ్చేవాళ్ళు కాదు. చలవ అని ఆకుకూరలూ పళ్ళూ మాన్పించేవాళ్ళు. సమర్త పిల్లని మూల చాప మీద కూర్చోబెట్టి బడి మాన్పించారు. ఇప్పుడు ఆ మూల పోయి వీధి మొగలో ఫ్లెక్సీ వచ్చింది. ఆ పిల్లకి ఏది నయమో నాకు తెలీదు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి వేరే ఉంది. మా చిన్నపిన్నికి అయిదో నెలలో కడుపు పోయింది. అదే ఒళ్ళు, అంతే రక్తం. కాయం ఎవరూ చెయ్యలేదు. కుంపటి ఎవరూ రాజెయ్యలేదు. మూడో రోజు పొద్దున్న పిన్ని పొయ్యి దగ్గర ఉంది. అంటే మన మర్యాదంతా బిడ్డకేనన్నమాట, మోసిన ఒంటికి కాదు. బిడ్డ ఉంటే తల్లికీ ఇంత దొరుకుతుంది. సర్కారు చూపు కూడా చాలాకాలం అదే. ఎక్కువ గళ్ళున్న కార్డు గర్భిణికే ఉంది.

ఇంక పిల్లలు అక్కర్లేదు కదా

మా వదినకి నలభై నాలుగో ఏట నెలసరి అదుపు తప్పింది. పది పన్నెండు రోజులు ఆగేది కాదు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఎవరైనా చూస్తే కొంగు సర్దుకుంటున్నట్టు నటించేది. అడిగితే "ఈ వయసులో అందరికీ ఇంతేగా" అనేది. ఆ మాట ఆమెది కూడా కాదు, వీధి మొత్తానిది. గోళ్ళు తెల్లగా పాలిపోయాక ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్ళారు. రక్తం 6 గ్రాములుంది. "గర్భసంచి తీసేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నారక్కడ. ఇంట్లో ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. "ఇంక పిల్లలు అక్కర్లేదు కదా" అన్నాడు మా అన్నయ్య. చెడ్డవాడు కాదు. నిజంగానే అంతకుమించిన ప్రశ్న అతనికి తోచలేదు.

కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలోకెల్లా ఎక్కువగా కనబడేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. మా ఊరు దాటితే పాతపట్నం, అది ఆంధ్రా, మా చుట్టరికాలన్నీ అటే, అలవాట్లూ అటునుంచే. తీయక తప్పని రోగాలున్నాయి, కాదనను. కానీ అండాశయాలు కూడా కలిపి తీసేస్తే ముట్లు మెల్లగా ఉడిగే బదులు ఒక్కరోజులో ఆగిపోతాయి. ఎముకల అరుగుదలా, గుండెజబ్బు ముప్పూ ముందే వచ్చి కూర్చుంటాయి. మా వదిన బరంపురంలో ఇంకొక డాక్టరుకి చూపించుకుంది. మందులు, ఐరన్ ఎక్కించడం, ఆర్నెల్ల ఓపికతో తగ్గింది.

ఆపరేషన్ కాగితాలు జిరాక్స్ తీయించుకుంటూ ఒకావిడ నాతో అన్న మాట మాత్రం మరిచిపోలేను. "భయమేటమ్మా, నెల్రోజులు చీపురు పట్టక్కర్లేదు." నవ్వుతూనే అంది. కత్తి పడితే తప్ప పడుకునే హక్కు లేదని ఆమె లెక్క. చార్టులో ముప్ఫైల గడిలో "కాదనడం నేర్చుకోండి" అని రాసినవాళ్ళకి ఈమెని ఒకసారి చూపించాలనిపించింది.

ముట్లుడిగే వయసుకి మన దగ్గర ఒక్క పదార్థం లేదు, ఒక్క వారం లేదు. ఒంట్లోంచి ఆవిర్లు లేచి అర్ధరాత్రి లేచి కూర్చునే మనిషిని చూసి "చిరాకు ఎక్కువైంది" అంటారు. ఆ తర్వాత అయిదారేళ్ళలో ఎముక వేగంగా అరుగుతుంది. దానికి తిండి మన గుమ్మంలోనే ఉంది. 100 గ్రాముల చోళ్ళలో, అంటే రాగుల్లో, 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. ఒడియాలో వాటినే మాండియా అంటారు. సవర ఆడవాళ్ళు కొండ దిగి సంతకి తెస్తారు. 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ నడుపుతోంది, నవంబరు 10న మాండియా దినోత్సవం కూడా పెట్టింది. చోడంబలి మా ఇంట్లోనూ కాస్తారు, షుగరున్న మావయ్య కోసం. మిగిలితే వదిన తాగుతుంది. ఆమె పేరున గిన్నె పెట్టినవాళ్ళు లేరు.

గుడాకు డబ్బా

మా మామ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళు నమ్మరు. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పొగ పీల్చడం. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ముసలమ్మలకి అదొక అలవాటు. అంగిలి కాలిపోయేది, అక్కడే పుండు పడి క్యాన్సరయ్యేది. ఇప్పుడు మా వైపు చుట్ట తగ్గి గుడాకు వచ్చింది. పొగాకు, బెల్లం మడ్డి కలిపిన నల్లటి ముద్ద. పళ్ళు తోముకోవడానికని పేరు.

మధ్యాహ్నం గిన్నెలయ్యాక పెరటి మెట్టు మీద వేలితో గుడాకు రాసుకుంటూ కూర్చున్న ఆడమనిషిని ఎవరూ పిలవరు. నోట్లో గుడాకుంటే జవాబు చెప్పలేదని అందరికీ తెలుసు. ఆ పావుగంట ఆమెది. మా పిన్నిని మానెయ్యమని తిట్టీ తిట్టీ నేనొకసారి ఆలోచనలో పడ్డాను. డబ్బా లాక్కుంటే ఆ మెట్టు మీద కూర్చోవడానికి ఇంకేం సాకు ఉంటుంది ఆమెకి? ఊరికే కూర్చుందంటే "ఏటలా కూకున్నావ్" అని లోపల్నుంచి కేక వస్తుంది. నోటి క్యాన్సర్ గురించి చెప్పే కరపత్రాల్లో ఈ మెట్టు సంగతి ఉండదు. అలాగని గుడాకుని వెనకేసుకు రావడం లేదు. దాన్ని మాన్పించేవాళ్ళు ఆ పావుగంటని మాత్రం ఆమెకి మిగల్చాలి.

మగవాళ్ళ గురించి తక్కువే రాస్తున్నాను, అది వాళ్ళలో ఒకరు రాయాల్సిన వ్యాసం. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి పోయిన కుర్రాళ్ళు పన్నెండు గంటల షిఫ్టులు చేసి నలభైకల్లా చెవులు మందగించి తిరిగొస్తారు. వాళ్ళకి చిమ్మిలి ఏ వయసులోనూ లేదు. సంక్రాంతికి తలంటు, అంతే. మా ఆయన బీపీ మాత్ర వేసుకోరు. "మొదలెడితే జన్మంతా వేసుకోవాలి" అంటారు. అన్నం కూడా జన్మంతా తింటున్నారు కదా అంటే నవ్వి వెళ్ళిపోతారు.

రజ మూడు రోజులు

ఒడిశాలో ఉంటూ మేం డాల్మా నేర్చుకున్నాం, సంతులా నేర్చుకున్నాం, ఛెనాపోడ లేందే మా పిల్లల పుట్టినరోజు జరగదు. రజ పండగని మాత్రం నేర్చుకోలేదు. జూన్ నడిమధ్యన మూడు రోజులు భూమికి ముట్టని నమ్మకం. నాగలి పట్టరు, ఆడవాళ్ళు రుబ్బరు, తరగరు, చెప్పులేకుండా నేల మీద అడుగు పెట్టరు. ఉయ్యాలలు, పాన్, పేకముక్కలు. నాలుగో రోజు భూమికి స్నానం. కటకం, పూరీ వైపున్నంత హడావిడి మా ఊళ్ళో ఉండదు గానీ ఒడియా ఇళ్ళలో జరుపుకుంటారు. ఇదే ముట్టుకి మన ఇళ్ళలో మూల చాప, వాళ్ళకి ఉయ్యాల!

ఎదురింటి మావుసీని చూసి నేను కుళ్ళుకోని జూన్ లేదు. డెబ్భై ఏళ్ళ ఆవిడ, ముట్లుడిగి ఎన్నాళ్ళయిందో, అయినా ఆ మూడు రోజులూ కొత్తచీర కట్టుకుని కుర్చీ దిగదు. పిల్లా, తల్లీ, అవ్వా అనే తేడా లేదు. రజ గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఎవరి ఒంట్లో ఏముందని అడగదు. అయితే మావుసీ కోడలు నాతో గొంతు తగ్గించి చెప్పిన మాట కూడా రాయాలి. ముందు రోజు అర్ధరాత్రి దాకా పోడపిఠా పిండి రుబ్బింది తనేనట. మూడు రోజులకీ కావాల్సినవి తరిగి పెట్టిందీ తనే. వాళ్ళాయన వండిన మొదటిరోజు కూరని రెండో రోజు ఎవరూ తినలేదు. విశ్రాంతి కూడా ముందుగా వండి పెట్టుకోవాల్సిందే అన్నమాట. అయినా మూడు రోజులు మూడు రోజులే. మా వీధిలో ఒక్క తెలుగింటి ఆడదానికి ఏడాదికి ఒక్క పూట కూడా అలా రాసిపెట్టి లేదు.

2024 ఆగస్టు 15న ఒడిశా ఉపముఖ్యమంత్రి ఉద్యోగినులకి నెలసరి సెలవు ఒకరోజు ప్రకటించినప్పుడు ఇక్కడ పెద్ద చర్చేం జరగలేదు. రజ ఎరిగిన ఊళ్ళు కాబట్టేమో. మా వీధిలో ఉద్యోగినులు ఎంతమంది గనక అన్నది ఇంకో సంగతి.

మేనకోడలి గొడవ

ఇందాక ముఖం చిట్లిస్తుందన్నది మా మేనకోడలే. భువనేశ్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా వాదన విని అంది: "అత్తా, నువ్వు చెప్పే ఆచారం చివరికి ఎవరి చేతిలో ఉంటుంది? ఇంటి పెద్ద చేతిలో. ఇవాళ నా బీపీ ఎంతని అడుగుతారు. రేపు ఏం తిన్నావంటారు. ఎల్లుండి పిల్లలెప్పుడంటారు. నా ఒళ్ళు నేను చూసుకుంటాను, నన్నొదిలెయ్యండి."

దీనికి నా దగ్గర తిరుగులేని జవాబు లేదు. కాయం ముద్ద పెట్టిన చెయ్యే దాహానికి నీళ్ళివ్వలేదు. ప్రేమా పెత్తనమూ ఒకే గిన్నెలో కలిసి వస్తాయి, విడదీసి వడ్డించడం ఎవరికీ చేతకాలేదు. కానీ ఆ పిల్లకి గడియ పెట్టుకునే గది ఉంది, సొంత జీతం ఉంది, ఆన్‌లైన్లో పరీక్ష బుక్ చేసే ఫోనుంది. ఇన్ని ఉన్న తనే జిమ్ముకి ఏడాది డబ్బు కట్టి సంక్రాంతికి మానేసింది. అది నేనంటే నవ్వేసి ఒప్పుకుంది. ఇవేవీ లేని పిన్నిని "నీ ఒళ్ళు నువ్వు చూసుకో" అనడం నాకు గౌరవంలా వినిపించదు, చేతులు దులుపుకున్నట్టు వినిపిస్తుంది.

తన మాటలోంచి నేనొకటి తీసుకున్నాను. తీసుకెళ్ళడం, ఆ పూట వంట చూడడం, ఆటో డబ్బులివ్వడం ఇంటి పని. కాగితంలో ఏముందో ఎవరికి చెప్పాలో చెప్పకూడదో ఆ మనిషి ఇష్టం. షాపులో కూడా అదే పాటిస్తున్నాను. మొగుడొచ్చి "మా ఆవిడ రిపోర్టు ఇంకో కాపీ తియ్యి" అంటే ఆవిణ్ణే రమ్మంటున్నాను. ఒకరిద్దరికి కోపమొచ్చింది.

ముసలితనం దగ్గర మాత్రం నా వాదన తిరగబడుతుంది. అక్కడ ఇల్లు మరీ ఎక్కువ పూనుకుంటుంది. అమ్మ ఒకసారి స్నానాలగదిలో జారింది. ఎముక విరగలేదు, అదృష్టం. అప్పట్నుంచి అన్నయ్య ఆమెని కుర్చీలోంచి లేవనివ్వడు. మంచినీళ్ళు కూడా చేతికే. కూర్చోబెట్టేకొద్దీ కాళ్ళలో కండ కరుగుతుందని, కండ కరిగితేనే మళ్ళీ పడతారని ఫిజియోథెరపీ అబ్బాయి మొత్తుకున్నాడు. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచి కూర్చోమని నేర్పాడు. అన్నయ్య ఎదుట అమ్మ అది చెయ్యదు. మేం షాపులకి వెళ్ళగానే మంచం కింద దాచిన చింతపండు బుట్ట బయటికి లాగి, కత్తిపీట వేసుకుని గింజ తీస్తుంది, లేస్తుంది, ఎండలో పోస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. సాయంత్రానికి బుట్ట మాయం. నాకు తెలిసినట్టు ఆమెకి తెలుసు, ఇద్దరం మాట్లాడుకోం. 70 దాటినవాళ్ళకి ఇచ్చే వయ వందన కార్డు కోసం ఆధార్ జిరాక్సులు తీయించుకోవడానికి రోజూ జనం వస్తారు. ఆస్పత్రిలో పడుకుంటే 5 లక్షల దాకా ఖర్చు భరిస్తుంది, మంచి కార్డు. పడుకోకుండా ఉండడానికి చింతపండే గతి.

తేదీ ఎప్పుడు

కొత్త ఆచారాలు కావాలని రాయడం తేలిక. ఎవరు మొదలెడతారు, ఏ రోజు? ఇంట్లో ఎవరూ లేనివాళ్ళ సంగతేంటి? మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒకామె ఇదే అడిగింది. ఇల్లు పూనుకోవాలంటే ముందు ఇంట్లో ఇంకో మనిషుండాలి కదా. ఆమెలాంటి వాళ్ళకి ఉన్నది పొదుపు సంఘం. 2001లో మిషన్ శక్తి మొదలైనప్పట్నుంచీ ఒడిశాలో సంఘం లేని వీధి లేదు. మా సంఘం మీటింగులోనే నర్సమ్మని పిలిపించి బీపీ చూపిద్దామన్నాను. కొన్ని నెలలు బాగానే జరిగింది. అప్పు వాయిదా కట్టని ఒక పిల్లకి బీపీ ఎక్కువొచ్చినప్పుడు అందరూ నవ్వారు, ఆ పిల్ల మరుసటి నెల రాలేదు. తర్వాత ఎన్నికలొచ్చాయి, నర్సమ్మకి డ్యూటీలు పడ్డాయి, ఆగిపోయింది.

రజకి పెట్టుకుందామన్నాను, మావుసీ వాళ్ళతో కలిసి. రజ సంక్రాంతికి ఆస్పత్రి ఔట్‌పేషంట్ విభాగానికి సెలవని వదిన గుర్తు చేసింది. ఆ తర్వాత తోచింది ఒడిశా సర్కారు సుభద్ర పథకం డబ్బు. 2024 సెప్టెంబరు నుంచి అర్హులైన 21–60 మధ్య ఆడవాళ్ళకి ఏడాదికి 10,000 వస్తోంది. రాఖీ పున్నమికి సగం, మార్చి 8కి సగం. ఏడాదిలో రెండుసార్లు, ఆడమనిషి సొంత ఖాతాలో, అందరికీ ఒకే వారంలో. ఇంతకన్నా మంచి తిథి ఏ పంచాంగంలో దొరుకుతుంది? డబ్బు పడ్డ వారంలో వచ్చే సోమవారం వీధి వీధంతా పరీక్షకి వెళ్ళాలి, ఆ పూట ఎవరింట్లోనూ పొయ్యి వెలగక్కర్లేదు, హోటల్ ఇడ్లీ. అరవై దాటిన అమ్మలని కూడా కలుపుకోవాలి. మగవాళ్ళు రావాలనుకుంటే రావచ్చు.

సంఘంలో పెడితే గంటసేపు పోట్లాట. సర్కారు డబ్బు పేరెత్తితే లోకువైపోతామన్నారు కొందరు. ఇడ్లీ ఖర్చు సంఘం ఖాతాలో రాయకూడదంది సెక్రటరీ. పిన్ని మాత్రం బేరం పెట్టింది: "పరీక్ష ఊరికేనంటే వస్తాను. ఆ డబ్బు మటుకు ముట్టుకోను. మనవడి సైకిలుకి చెప్పేశాను." సరేనన్నాం.

ఈ సోమవారమే వెళ్తున్నాం, ఆటోలు మాట్లాడేశాం. ఆ పూట షాపు చూసుకోమని మా ఆయన్ని అడిగాను. షాపు కట్టేసి తనని కూడా ఆటో ఎక్కించేస్తానేమోనని అనుమానం, ఇంకా ఏ మాటా చెప్పలేదు.